నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. తెరమీద చూపిన స్లైడులను అచ్చులో చూపలేము కనుక, వక్తే వాటిని మాటల్లోకి మార్చి ఇచ్చారు. - సం.)



కార్యదర్శిగారు కరువు భృతి బకాయిల సంగతి చెప్పి కూర్చున్న వెంటనే తుపానుల గురించి మాట్లాడడం కష్టం. ఒక విపత్తు గురించి విన్నాక ఇంకొకటి వినే ఓపిక ఎవరికుంటుంది? పైగా భోజనాలయ్యాయి. గుత్తివంకాయ బాగుంది. దీపాలు ఆర్పితే సగం సభ కునుకు తీస్తుందని నాకు తెలుసు. అందుకే ఆర్పవద్దని చెప్పాను. తెల్లని తెరమీద నల్లని పెద్ద అక్షరాలు పెడితే దీపాలున్నా కనిపిస్తాయి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం.

ఆ దెబ్బ ఇక్కడే తగిలింది. పోయిన ఉగాది సమావేశంలో ఇదే విషయంమీద, అంటే భూతాపం వల్ల తుపానులు ఎలా మారతాయన్నదానిమీద, మాట్లాడాను. మీకు గుర్తులేకపోతే తప్పు మీది కాదు. నలభై నిమిషాల్లో నలభైరెండు స్లైడులు చూపాను. ఒక్కొక్కదాంట్లో పన్నెండు వరుసలు. ఇంగ్లీషు పుస్తకాల్లోంచి ఎత్తిన గీతల పటాలు. నీలం రంగు మీద ఎర్ర అక్షరాలు. శుక్లాల ఆపరేషను అయినవారికీ కానివారికీ ఎవరికీ కనబడలేదు. నేనేమో సభకు వీపు పెట్టి, తెరమీద ఉన్నదే చదువుకుంటూ పోయాను.

అయ్యాక ఒక మిత్రుడు, హెడ్మాస్టరుగా రిటైరైనాయన, దగ్గరకొచ్చి, "ఏమండీ, ఇంతకీ తుపానులు పెరుగుతాయా, తగ్గుతాయా?" అని అడిగారు.

"అది ముప్ఫైఒకటో స్లైడులో ఉందండీ, తొమ్మిదో వరుసలో" అన్నాను.

"అక్కడికొచ్చేసరికి నేను లేను లెండి" అన్నారాయన.

ఇంటికి వెళ్ళి మనవరాలికి ఈ సంగతి చెప్పాను. ఇంజనీరింగు చదువుతోంది. నా నలభైరెండు స్లైడులూ చూసి, "తాతయ్యా, ఇవి మాకు చూపడానికా, నువ్వు మర్చిపోకుండా ఉండడానికా?" అంది. నిజం చెప్పాలంటే నేను మర్చిపోకుండా ఉండడానికే. అలాంటివి కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి, తెరమీద వేయకూడదు. ఈసారి ఎనిమిదే తెచ్చాను. అందులో మాటలున్నవి మూడే.

జవాబు తొమ్మిదో వరుసలో దాచడం నాతోనే మొదలు కాలేదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక తిరిగివస్తూ ఆకాశంలో ముక్కలైపోయి, మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించిన సంగతి మీకందరికీ తెలుసు. నౌక పైకి లేచేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురగ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, దానివల్ల ప్రమాదముందా లేదా అని ఇంజనీర్లు స్లైడులు తయారుచేశారు. వాటిలో ఒకదానికి తలకట్టు చూస్తే ఫరవాలేదన్నట్టుంటుంది. అడుగున చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిన ముక్క 1920 ఘనపు అంగుళాలు. అంటే ఆరువందల రెట్లకు పైగా. పరీక్షల ఫలితం ఇక్కడ పనికిరాదని దాని అర్థం. ఎడ్వర్డ్ టఫ్టీ అనే ప్రొఫెసరు ఆ స్లైడును వరుస వరుసగా విప్పి చూపారు. ప్రమాదంపై విచారణ జరిపిన సంఘం కూడా తన నివేదికలో దాన్ని తప్పుపట్టింది. ఆ స్లైడే ప్రాణాలు తీసిందని నేననను. కానీ చెప్పవలసిన మాట అందులో ఉండి కూడా ఎవరికీ వినబడలేదు.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి మనవి చేస్తాను. దీనికి స్లైడు లేదు.

1990 మే నెల. నేను రెవెన్యూ శాఖలో దివిసీమ వైపు పనిచేస్తున్నాను. బంగాళాఖాతంలో పెను తుపాను, మచిలీపట్నం వైపు వస్తోందని కబురు. పై ఆఫీసు నుంచి వచ్చిన కాగితం పట్టుకుని, జీపుకు మైకు కట్టుకుని, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెకు వెళ్ళాను. ఆ కాగితంలో అక్షాంశం, రేఖాంశం, గంటకు ఇన్ని కిలోమీటర్ల గాలి, మామూలు పోటుకంటే ఇన్ని మీటర్ల ఎత్తున ఉప్పెన అని ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు మైకులో చదివాను. రెండుసార్లు చదివాను. ఎవరూ కదల్లేదు. బడి అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన, చేపలవేటకు పోయేవాడు, లేచొచ్చి, "అదంతా సరే బాబూ, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి?" అనడిగాడు.

నేను మళ్ళీ కాగితం కేసి చూశాను. మామూలు పోటు అంటే ఎంతో, దానిపైన ఇన్ని మీటర్లంటే ఆ పల్లెలో ఎక్కడికో అందులో లేదు. నాకూ తెలియదు. నా పక్కన నిలబడ్డ జీపు డ్రైవరు నోరు విప్పాడు. ఆ బడి వరండా స్తంభం మీద 1977 నాటి ఉప్పెన నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఊరివాళ్ళు గీత చెక్కి ఉంచారు. నా తలకంటే జానెడు పైన ఉంది. డ్రైవరు దాన్ని చూపించి, "తాతా, ఆ గీత చూశావుగా. అక్కడిదాకా రావచ్చంట" అన్నాడు.

ముసలాయన ఇంకేమీ అడగలేదు. ఇంట్లోకి వెళ్ళి మనవణ్ణి భుజాన వేసుకుని వచ్చాడు. అరగంటలో పల్లె కదిలింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 1990లో కోస్తా పొడుగునా లక్షమందికి పైగా ముందే తరలించారు కనుక మృతులు వెయ్యి లోపే. తక్కువని కాదు, ఆ వెయ్యిలోనూ నాకు తెలిసినవారున్నారు. కానీ ఆ రోజు మా జీపు దగ్గర పనిచేసింది నా చేతిలోని కాగితం కాదు, డ్రైవరు చూపిన గీత.

స్లైడంటే ఆ స్తంభంలా ఉండాలని నాకు పాతికేళ్ళ తరువాత గాని తట్టలేదు.

ఇక తెరవైపు చూడండి. మొదటి బొమ్మ ఇడ్లీ పాత్ర. నవ్వకండి. పాత్రలో మరిగే నీళ్ళకంటే, మూత తీసినప్పుడు చేతికి కొట్టే ఆవిరి ఎక్కువ కాలుస్తుందని ఇక్కడున్న ఆడవాళ్ళకు నేను చెప్పక్కరలేదు. నీరు ఆవిరి కావడానికి తీసుకున్న వేడి ఆవిరిలోనే దాగి ఉంటుంది. మళ్ళీ నీరయ్యేటప్పుడు దాన్ని విడిచిపెడుతుంది. తుపాను నడిచేది సరిగ్గా ఆ వేడితోనే. సముద్రం పైపొర సుమారు 26 డిగ్రీలకు మించి వేడెక్కితే ఆవిరి ఎగసి, పైన మేఘమై, వేడి వదిలి, గాలిని ఇంకా పైకి తోస్తుంది. కింద ఏర్పడిన అల్పపీడనంలోకి చుట్టుపక్కల గాలి దూసుకొస్తుంది. భూమి తిరుగుడు దాన్ని సుడి తిప్పుతుంది. మన దగ్గర తుపాను అంటాం, చైనా, జపాను వైపు టైఫూను, అమెరికా వైపు హరికేను. పేర్లే వేరు, పాత్ర ఒకటే.

భూమి సగటు ఉష్ణోగ్రత పందొమ్మిదో శతాబ్దం చివరినాటికంటే ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా పెరిగింది. బొగ్గు, చమురు కాల్చడం వల్ల అదనంగా చిక్కుకున్న వేడిలో పదింట తొమ్మిది వంతులు సముద్రంలోకే పోయింది. అంటే పొయ్యిమీద మంట పెంచాం. వేడిగాలి ఆవిరిని ఎక్కువగా మోస్తుంది: ఒక డిగ్రీకి సుమారు 7 శాతం. రెండో స్లైడులో ఈ ఒక్క అంకె ఉంది, 7. పోయినసారి దీనికి సూత్రం కూడా రాశాను. ఈసారి తీసేశాను, ఎవరికీ నష్టం లేదు.

మంట పెరిగింది కనుక తుపానులు ఎక్కువ పుడతాయని మనకు తోస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. హెడ్మాస్టరుగారి ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతున్నాను, మూడో స్లైడులో, మొదటి వరుసలో: తుపానుల సంఖ్య పెరగకపోవచ్చు. తగ్గినా తగ్గవచ్చు. 2021లో ఐక్యరాజ్యసమితి తరఫున వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం ఇచ్చిన నివేదిక సారాంశం ప్రపంచం మొత్తంమీద ఇదే. తుపాను పుట్టడానికి వేడినీళ్ళు ఒక్కటే చాలవు. కింది గాలి ఒకవైపు, పై గాలి ఇంకోవైపు వీస్తుంటే సుడి నడుము విరిగిపోతుంది. పై పొరలు కూడా వేడెక్కితే ఆవిరి అంత జోరుగా లేవదు. మన బంగాళాఖాతంలో కూడా తుపానుల సంఖ్య పెరగలేదు. అరేబియా సముద్రంలో మాత్రం ఈమధ్య పెరిగింది.

అయితే హాయిగా ఉండవచ్చా అంటే, అదే స్లైడులో రెండో వరుస చూడండి: పుట్టినవాటిలో బలమైనవాటి వాటా పెరుగుతుంది. గాలి గంటకు 209 కిలోమీటర్లు దాటితే అమెరికావారు నాలుగో తరగతి హరికేను అంటారు, 252 చేరితే అయిదో తరగతి. ఆ పై తరగతులవే ఎక్కువ వంతు అవుతాయి. గాలి వేగం రెట్టింపయితే గోడమీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కనుక ఇది చిన్న సంగతి కాదు. "తుపానులు పెరుగుతున్నాయి" అని ఎవరైనా స్లైడు వేస్తే అది అబద్ధం. "తుపానులు పెరగడం లేదు" అని వేసి ఊరుకుంటే అంతకంటే పెద్ద అబద్ధం. ఈ రెండు వరుసలూ ఒకే తెరమీద ఉండాలి. ఒక స్లైడుకు ఒకే మాట అని మనవరాలు పెట్టిన నియమాన్ని నేను తప్పింది ఇక్కడ ఒక్కచోటే.

నాలుగోది మా అమ్మాయి ఇంటి ఫోటో. హ్యూస్టన్. 2017 ఆగస్టులో మా ఆవిడా నేనూ అక్కడే ఉన్నాం. హార్వీ అనే హరికేను 25వ తేదీ రాత్రి నాలుగో తరగతిలో టెక్సాస్ తీరం దాటింది. మేమున్నచోటికి అది దూరమే. గాలి పెద్దగా లేదు. దివిసీమ వైపు పనిచేసినవాణ్ణి కదా, "ఇదేం తుపానే, మా 1990తో పోలిస్తే" అని అమ్మాయితో అన్నాను కూడా. అది తీరం దాటి వెళ్ళిపోలేదు. అక్కడే తచ్చాడుతూ రోజుల తరబడి కురిసింది. టెక్సాస్‌లో నీడర్‌లాండ్ అనే ఊళ్ళో 1500 మిల్లీమీటర్లకు పైగా పడింది. మన కోస్తాలో ఏడాది పొడుగునా పడే వాన సుమారు 1000. మూడోరోజు ఉదయానికి వీధిలో పడవ వచ్చింది. మెట్లమీద కూర్చుని నీరు ఒక్కొక్క మెట్టూ ఎక్కడం చూస్తూ మా ఆవిడ నన్ను అడిగింది: "ఎక్కడిదాకా వస్తుందండీ?" ఇరవయ్యేడేళ్ళ తరువాత అదే ప్రశ్న. అప్పుడూ నాకు జవాబు తెలియదు. మూడో మెట్టు దగ్గర ఆగింది, మా అదృష్టం.

ఆ వానను భూతాపం సుమారు 15 శాతం పెంచిందని తరువాత శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఇంకా ఎక్కువని తేల్చినవారూ ఉన్నారు. భూతాపమే హార్వీని పుట్టించిందని ఎవరూ అనలేదు. పుట్టిన తుపాను మోసిన నీరు ఎక్కువైంది, అంతే. నూరు బిందెల చోట నూటపదిహేను. ఆ పై పదిహేను బిందెలే ఎవరింటి మూడో మెట్టో నాలుగో మెట్టో తేలుస్తాయి.

ఇంకో మార్పు ఉంది. తుపాను ఉన్నట్టుండి బలం పుంజుకోవడం. 2023 అక్టోబరు 24 ఉదయం మెక్సికో పశ్చిమ తీరం దగ్గర ఓటిస్ అనేది మామూలు తుపాను. ఆ రాత్రికి అయిదో తరగతి హరికేను. తెల్లవారకముందే అకపుల్కో నగరం మీద పడింది. పొద్దున వార్త చూసి పనికెళ్ళినవాడికి రాత్రికి వేరే తుపాను. సముద్రం వేడెక్కేకొద్దీ ఇలాంటివాటికి అవకాశం పెరుగుతుంది. దీని గురించి ఇంకేం చెప్పను. సాయంత్రం వార్త కూడా చూడండి.

ఆరో స్లైడు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఇది అమెరికావారి హరికేను పటం. టీవీలో మీరూ చూసి ఉంటారు, మన వాతావరణ శాఖ పటాల్లోనూ ఇలాంటిదే ఉంటుంది. ఒక చివర సన్నగా మొదలై పోనుపోను వెడల్పయ్యే గరాటు. మధ్యలో ఒక గీత. అది ఏమిటని ముందు వరుసలోని అమ్మగారిని అడిగాను. "గరాటు లోపలున్నవాళ్ళకు తుపాను, బయట ఉన్నవాళ్ళకు లేదు" అన్నారు. చాలామంది చదువుకున్నవారు చెప్పే జవాబే అది. అది తప్పు. తుపాను కేంద్రం ఎటు వెళ్ళవచ్చో చెప్పే పటం అది. అమెరికావారి లెక్కలో కేంద్రం మూడింట రెండుసార్లు గరాటులో ఉంటుంది, మూడోసారి బయటకు పోతుంది. గాలీ వానా ఉప్పెనా కేంద్రానికి వందల కిలోమీటర్ల దూరం దాకా ఉండవచ్చు. అవేవీ ఆ గరాటులో లేవు. దూరం పోయేకొద్దీ అది వెడల్పవడం తుపాను పెద్దదవుతోందని కాదు, మన అంచనాకు నమ్మకం తగ్గుతోందని.

2004 ఆగస్టులో చార్లీ హరికేను వచ్చినప్పుడు మధ్యగీత ఫ్లోరిడాలోని టాంపా వైపు ఉంది. గీతకు దక్షిణాన ఉన్నవారు చాలామంది తమకు కాదనుకున్నారు. తుపాను ముందే మలుపు తిరిగి పుంటా గోర్డా ఊరిమీద పడింది. ఆ ఊరు గరాటులోనే ఉంది. పద్దెనిమిదేళ్ళ తరువాత, 2022 సెప్టెంబరులో, ఇయాన్ వచ్చింది. మళ్ళీ కొన్ని రోజులు గీత టాంపా వైపే, మళ్ళీ దెబ్బ దక్షిణానికే. ఫోర్ట్ మయర్స్ బీచి దగ్గర ఉప్పెన మూడు మీటర్లు దాటింది. ఫ్లోరిడాలో వందమందికి పైగా మరణించారు, వారిలో చాలామంది మన వయసువాళ్ళు. అంత డబ్బు, అన్ని ఉపగ్రహాలు ఉన్న దేశంలో! పటం వేసినవారు తప్పు వేయలేదు. చూసినవారు వేరే ప్రశ్నకు జవాబు అనుకుని చూశారు. కేంద్రం ఎక్కడికి వెళుతుందన్నది వాతావరణ శాఖ ప్రశ్న. మన ప్రశ్న నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయని. అది గ్రహించే అక్కడివారు ఇప్పుడు ఉప్పెనకు విడిగా హెచ్చరికలు ఇస్తున్నారు, నేలమీద ఎన్ని అడుగుల నీరు నిలుస్తుందో చూపే పటాలు వేస్తున్నారు. ఇక్కడున్నవారు వాట్సాప్‌లో ఎవరో పంపిన గరాటు బొమ్మను పిల్లలకు పంపేముందు, దాని కింద తేదీ, వేళ ఉన్నాయో లేదో చూడండి. రెండేళ్ళ కిందటి తుపానుకు నేను ఒకసారి మా బావమరిదిని బాపట్ల నుంచి కదిలించాను.

మాటలున్న చివరి స్లైడు ఇది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం పెరిగింది సుమారు 20 సెంటీమీటర్లు. జానెడు. ఆ పెరుగుదల ఇప్పుడు ఇంకా వేగమందుకుంది. మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో నదులపై ఆనకట్టలు కట్టాక ఒండ్రుమట్టి రాక తగ్గింది, నేల తన పాటికి తాను కుంగుతోంది కూడా. ఉప్పెన ఈ జానెడు మీద నిలబడి వస్తుంది. అదే గాలి, అదే పోటు, 1977లో వచ్చిన తుపానే తు.చ. తప్పకుండా మళ్ళీ వచ్చినా, నీరు పాత గీత దగ్గర ఆగదు.

మన హెచ్చరికలు చాలా మెరుగుపడ్డాయి, అది చెప్పకపోతే అన్యాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదే పడితే మృతులు పదుల్లోనే ఉన్నారు. దివిసీమ నాటితో పోల్చుకోండి. కానీ 1996 నవంబరులో కోనసీమ తుపానుకు వెయ్యిమందికి పైగా పోయారని కూడా మర్చిపోకూడదు. అది 1990 తరువాత వచ్చింది. ఒకసారి బాగా చేశాం కనుక మళ్ళీ బాగా చేస్తామని ఏమీ లేదు.

ఎనిమిదో స్లైడు. ఇది నేను తీసిన ఫోటో. 1990లో నేను మైకు పట్టుకున్న ఆ పల్లెకు నాలుగేళ్ళ కిందట మళ్ళీ వెళ్ళాను. బడి కొత్తగా కట్టారు. రెండంతస్తులు, చక్కగా ఉంది, తుపాను వస్తే జనం పైకెక్కవచ్చు. పాత వరండా లేదు. స్తంభం లేదు. గీత ఎక్కడుండేదని అక్కడి కుర్రవాళ్ళను అడిగితే, ఏ గీత అన్నారు. ఫోటోలో కొత్త గోడకు సున్నం తప్ప ఏమీ లేదు. పోయినసారి ఈ ఫోటో నా నలభైరెండింటిలో లేదు, చూపించేంత గొప్పదేమీ కాదనుకున్నాను.

ఈ సభలో రెవెన్యూ, పంచాయతీరాజ్, నీటిపారుదల, విద్యాశాఖల్లో కోస్తా మండలాల్లో పనిచేసినవారు తక్కువలో తక్కువ ఇరవైమంది ఉన్నారు. 1977లోనో, 1990లోనో, 1996లోనో ఏ ఊళ్ళో ఏ గుడి మెట్టుదాకా, ఏ చెరువుగట్టుదాకా, ఏ ఇంటి గూటిదాకా నీళ్ళొచ్చాయో మీరు కళ్ళతో చూసి ఉంటారు. ఊరు పేరు, సంవత్సరం, ఆనవాలు, ఈ మూడూ చాలు. టీ ఇచ్చేటప్పుడు ఆ కుడివైపు బల్ల దగ్గర నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంటాను. రాయలేనివారు చెబితే మా మనవరాలు రాసుకుంటుంది.